తిరిగి రాని ‘వద్దు’

చలిపెట్టె తలుపుకున్న చిన్న అద్దానికి అంచుల్లో తెల్లగా నూగు పడుతోంది. ఇక లోపల మైనస్ నలభైకి దిగేదాకా చెయ్యడానికేమీ లేదు, కూర్చోవడమే, అనుకుంటూ మార్లిస్ టోలెఫ్‌సన్ స్టూలు మీద కూలబడింది. కూలబడ్డాక గాని తెలియలేదు కాళ్ళు ఎంతగా లాగుతున్నాయో. నిలబడి ఉన్నంతసేపూ కాళ్ళు నోరెత్తవు, కూర్చోగానే మొదలుపెడతాయి. పెట్టె గుయ్యిమంటోంది. దాని పక్కనున్న కంతలోంచి లోపలి బోర్డు మీదకి ఒక నల్ల కేబులు పోయింది, మిగతా కేబులంతా పాములవాడి బుట్టలో చుట్టలాగా బల్ల కింద పడి ఉంది. లోపల గోరంత చిప్పు, గడియారం టిక్కుల్ని తీగలోకి తోసే డ్రైవరు. దానికి కాపలా ఈవిడ. పక్కన ఫోను బోర్లా పెట్టి ఉంది. నాలుగు కొట్టేలోపల నిగార్డ్‌కి ఫోను చెయ్యాలి. పక్షవాతం వచ్చిన భర్త గోర్డీని ఉంచిన చికిత్సా కేంద్రంలో ఎవర్ని ఎక్కడికి పంపాలో చూసేది నిగార్డే. శుక్రవారంతో గోర్డీకి అక్కడ మంచం ఉండదు. ఇంట్లో చూసుకోవడానికి ఇద్దరుంటే ఇంటికి, లేకపోతే డులూత్‌లో మంచాన పడ్డవాళ్ళని ఉంచుకునే చోటుకి, ఈ మంచులో రెండు గంటల దారి. ఇద్దరు, అంది నిగార్డ్, ఎంత మెత్తగా అందో, పసిపిల్లకి సూది గుచ్చబోయే ముందు మాట్లాడినట్టు. నేనున్నానుగా, అంది మార్లిస్. మీరు ఒకరండీ, అంది నిగార్డ్.

ఒకరు. ఒకరిలో ఎంత ఉందో ఎవరికి తెలుసు. ఈ చిప్పులో ఎంత ఉందో తెలియకనే కదా ఇంత గొడవా వచ్చింది. మంచు తోసే లారీల్లో ఉప్పు చల్లే యంత్రానికి ఈ బోర్డు. శరదృతువులో చక్కగా పనిచేసింది, జనవరిలో లారీలు రోడ్డెక్కేసరికి మతి పోయినట్టు ఒక టిక్కుని రెండుగా లెక్కపెట్టి ఎక్కడ పడితే అక్కడ ఆగిపోవడం మొదలుపెట్టింది. మినియాపొలిస్‌లో దాన్ని గీసినవాడు తెలివితక్కువవాడేమీ కాదు. తీగ యాభై ఓములు. తోసే చిప్పు తనలో తాను ఎంత అడ్డుపడుతుందో దానికి ఒక రెసిస్టరు కలిపితే మొత్తం యాభై కావాలి, అప్పుడే తీగ చివర తగిలి వెనక్కొచ్చే ప్రతిధ్వని మొదటికొచ్చి చల్లారిపోతుంది. చిప్పు తాలూకు కాగితం తీసి చూశాడు. ఇంత కరెంటు లాగితే నా వోల్టేజీ ఇంతకు మించి పడదు అని చిప్పు చేసినవాళ్ళు మాటిచ్చి ఉన్నారు. ఒకదాన్ని ఇంకోదానితో భాగించాడు, యాభై వచ్చింది. ఆహా, చిప్పే యాభై, ఇంక రెసిస్టరు ఎందుకు అని అక్కడ సున్నా ఓముల ముక్క పెట్టేశాడు. ఆ కాగితంలో ఉన్నది చిప్పు బలం కాదు నాయనా, పూచీ. ఎంత ఎండలో ఎంత చచ్చుపుట్టుక పుట్టిన చిప్పయినా ఇంతకన్నా అధ్వాన్నంగా ఉండదు అని పూచీ. అసలు చిప్పు దానికి మూడింతలు మొండిది. చలికి మనుషులు ముడుచుకుపోతారు, ఇది చలికి ఇంకా బలుస్తుంది. యాభై అనుకున్నచోట పద్ధెనిమిదో పదిహేనో. తక్కిన ఖాళీ అంతా ప్రతిధ్వని. పోయింది వస్తుంది, వచ్చింది మళ్ళీ పోతుంది, కళ్ళెం లేని గుర్రంలాగా తీగంతా అదే పరుగు.

పూచీ ఇచ్చే మాట వేరు, లోపలున్నది వేరు. తను మాత్రం ఏమిచ్చింది నిగార్డ్‌కి. ఎలా ఉన్నారండీ అంటే పర్వాలేదు, ఇంతకన్నా ఘోరంగా ఉండొచ్చు కదా అంది. ఈ ఊళ్ళో ఇల్లు కాలిపోతున్నవాడూ అదే అంటాడు. తన విషయంలో ఆ లెక్క తిరగబడింది. చిప్పు తక్కువ చెప్పుకుని ఎక్కువ చేస్తుంది, తను ఎక్కువ చెప్పుకుని, ఏమో, పోయిన ఆదివారం తెలిసింది. కేంద్రంలో గోర్డీని కుర్చీలోంచి లేపి స్నానాల గదిదాకా నడిపించి చూపించండి అన్నారు. నడుముకి పట్టా బిగించింది, ఒకటి రెండు మూడు అంది, లేపింది. లేచాడు. పొడుగాటి మనిషి, పైన్ చెట్టులాంటి మనిషి, కుడిపక్క ప్రాణం లేదు. రెండడుగులు వేశాక ఆ కుడిపక్క బరువంతా ఆమె భుజం మీదకి మెల్లగా, ఎంత మెల్లగా అంటే మర్యాదగా, ఒరిగింది. ఆమె మోకాళ్ళు వంగాయి. పడిపోలేదు. ఇద్దరూ గోడ ఆనుకుని జారుకుంటూ జారుకుంటూ నేల మీద కూర్చున్నారు, పిక్నిక్కుకొచ్చిన వాళ్ళలాగా కాళ్ళు చాపుకుని. దెబ్బ తగిలిందా గోర్డీ అని అడిగింది. అలాగే, అన్నాడు. ఇప్పుడు ఆ ఒక్క మాటే మిగిలింది ఆయనకి. కాఫీ తాగుతావా, అలాగే. ఇంటికొస్తావా, అలాగే. డులూత్ వెళ్తావా, అలాగే. మొత్తం భాషంతా పోయి అదొక్కటే మిగలడంలో ఆశ్చర్యమేముంది, పెళ్ళయిన నాటినుంచీ ఎక్కువగా వాడింది అదే. అరిగిన కాలిబాట మీద మంచు ఆలస్యంగా నిలుస్తుంది, అంతే.

అద్దం సగం తెల్లబడింది. మైనస్ ఇరవై. బయట కిటికీలోంచి పార్కింగు కనిపిస్తోంది, కార్లన్నీ ఉప్పు మరకలతో ఒకే రంగులో. తన కారు ఏదో ఒక్కోరోజు తనకే తెలియదు. గడ్డకట్టిన చెరువు మీద గోర్డీ చేపలు పట్టే గుడిసె ఇంకా అలాగే ఉంది, ఎవరైనా లాక్కురావాలి గడ్డ కరిగే మార్చి వచ్చేలోపల, ఎవర్ని అడగాలి. ఆయన ముందు నడిచేవాడు ఇనప ఉలి పట్టుకుని, ప్రతి నాలుగడుగులకీ మంచు గడ్డని ఒక్క పోటు పొడిచేవాడు. మంచు చూస్తే తెలియదు మార్లిస్, పైకి అంతా ఒక్కలాగే ఉంటుంది, పొడిస్తేనే చెబుతుంది అనేవాడు. సాయంత్రం చలి ముదిరేకొద్దీ గడ్డ ఎక్కడో అవతలి ఒడ్డున బీటలిచ్చేది, ఆ చప్పుడు చెరువంతా పాకి వీళ్ళ కాళ్ళ కిందనుంచి పోయి, ఈ ఒడ్డున కొట్టుకుని మళ్ళీ వెనక్కి, ఊఁ అని మూలిగినట్టు. గోర్డీ ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఆమెకిచ్చేవాడు. మాటలుండేవి కావు. మాటలు లేనందుకు ఏనాడూ లోటు తోచలేదు. ఇప్పుడు ఆయనకి మాటల్లేవంటే డాక్టర్లందరూ జాలిపడతారు గానీ ఆమెకి లోటుగా తోచేది మాటలు కాదు, ఆ ఉలిపోటు. ఎక్కడ అడుగెయ్యొచ్చో చెప్పేవాళ్ళు.

చిప్పునీ అలాగే పొడిచి చూడాలి. కాగితాన్ని అడిగితే పూచీ చెబుతుంది. చిప్పు చివర ఏమీ తగిలించకుండా కొలిస్తే నిండా మూడు పాయింట్ మూడు వోల్టులూ చూపించి నాకేం, దివ్యంగా ఉన్నాను అంటుంది, బరువు లేనప్పుడు అందరూ దివ్యంగానే ఉంటారు. అందుకే దానికి పొడుగాటి కేబులు కట్టడం. టిక్కు కేబులు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చే ఆ కాస్త వ్యవధిలో చిప్పుకి ఏ సంగతీ తెలియదు, అవతల ఏముందో తెలియదు, దాని ఎదురుగా ఉన్నది యాభై ఓముల బరువొక్కటే. ఆ క్షణాన నిండా ఎగరలేదు, మధ్యలో ఒక మెట్టు మీద నిలబడుతుంది. ప్రతిధ్వని వచ్చాక గానీ ఆ మెట్టు దాటి పైకెక్కదు. వోల్టేజీని గీతగా చూపించే స్కోపు మీద ఆ మెట్టు ఎత్తు చూస్తే చాలు, లోపలెంత అడ్డం ఉందో లెక్క కట్టొచ్చు. పొద్దున మామూలు వేడిలో మెట్టు రెండు పాయింట్ నాలుగు దగ్గర నిలబడింది. అంటే పద్ధెనిమిది ఓములు. చలిలో ఎంతో తేలాలి.

ముందు చెక్క ప్లేటు, వెనక రూడీ మాకి తలుపు తోసుకుని వచ్చారు. రూడీ బోర్డుల నక్షాలు గీస్తాడు, ఈమె అంకె చెబితే ఈ సాయంత్రమే బోర్డుల్ని చేసేవాళ్ళకి పంపించేస్తాడు. ప్లేటులో నిమ్మకాయ తీపి బిళ్ళలు, అతని భార్య చేసినవి.

“ఒకటి తీసుకో,” అన్నాడు.

“వద్దులే రూడీ, ఇప్పుడే తిన్నాను.”

“ఏం తిన్నావు, ఆ నాణేల యంత్రంలో బిస్కట్లేగా. తీసుకో.”

“నాకెందుకు, పిల్లలకి తీసుకెళ్ళు.”

“నా పిల్లలకి నలభై ఏళ్ళు. సరే, సగం.”

“సగమైతే సరే.”

కత్తితో సగం కోశాడు. అలా కొయ్యగా కొయ్యగా ప్లేటులో గోరంత ముక్క మిగులుతుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు, సాయంత్రానికి ఎండిపోతుంది. ఈ ఊరి తంతే అంత. మొదటిసారి వద్దనాలి, అనకపోతే ఆశపోతంటారు. రెండోసారీ వద్దనాలి. మూడోసారి అడిగితే అప్పుడది నిజంగా పెట్టాలని అడిగినట్టు, అప్పుడు సగానికి ఒప్పుకోవాలి. రూడీ ప్లేటు పట్టుకుని, బిళ్ళ తింటున్న ఆమెని ఒక చూపు చూసి, “గోర్డీ సంగతేమైంది?” అన్నాడు.

“ఏదో చూస్తున్నాం.”

“ఒదీల్ ఏమంటోంది?”

“ఏమంటుంది. అడిగినట్టే అడిగి ఊరుకుంది.”

రూడీ నాలుక చప్పరించాడు. “దక్షిణాదివాళ్ళు మాటలు చెప్పడంలో దిట్టలు,” అని ప్లేటు పట్టుకుని పోయాడు. నిమ్మ పులుపు పళ్ళకి పట్టుకుంది.

అడిగినట్టే అడిగి ఊరుకుంది. ఆ మాట తన నోట్లోంచి వచ్చాక చేదుగా తగిలింది. ఒదీల్ తోటికోడలు, గోర్డీ తమ్ముడు వెండెల్ భార్య. పైపులైను పనికని దక్షిణాన లూసియానా పోయిన వెండెల్ ముసలితనం మొదట్లో అక్కణ్ణుంచి ఆమెని పెళ్ళాడి తెచ్చుకున్నాడు, తెచ్చుకున్నాక మూడు చలికాలాలు బతికి పోయాడు. ఆమె వెనక్కి పోలేదు. ఎందుకు పోలేదో ఎవరూ అడగలేదు. గోర్డీకి పక్షవాతం వచ్చిన రాత్రి ఆసుపత్రి వసారాలో తడి బూట్లతో నిలబడి, “నేనొచ్చి మీ ఇంట్లో ఉంటాను,” అంది. అయ్యో నీకెందుకమ్మా శ్రమ, అంది మార్లిస్. తర్వాత చర్చి అడుగుగదిలో కాఫీ దగ్గర, “నిజంగానే అంటున్నా మార్లిస్, మీ పైగది ఖాళీయేగా, ఎత్తడం దించడం నాకు కొత్త కాదు, మా అమ్మని ఆరేళ్ళు చూశాను,” అంది. నువ్వు ఆ మాట అన్నావు చూడు, అదే చాలు, అంది మార్లిస్. ఒదీల్ ఆమె మొహంలోకి ఒక్కసారి చూసి, “సరే మరి,” అంది. అంతే. ఆ తర్వాత మార్లిస్ ఎదురుచూసింది. పొద్దున కారు అద్దం మీద మంచు గీక్కుంటూ ఎదురుచూసింది, కేంద్రంలో గోర్డీకి గడ్డం గీస్తూ ఎదురుచూసింది, ఆదివారం నేల మీద కూర్చుని ఎదురుచూసింది. ఒదీల్ వచ్చేది, గోర్డీ చెయ్యి పట్టుకుని వాళ్ళ ఫ్రెంచిలో ఏదో పాడేది, ఇద్దరికీ సూపు తెచ్చేది, ఉంటాను అనే మాట మాత్రం ఎత్తలేదు. చూశావా, లోపల్లేదు, ఉంటే మళ్ళీ అడగదా, అని లోలోపల ఒక ముల్లు నాటుకుని, దాన్ని రోజూ కొంచెం కొంచెం లోపలికి నొక్కుకుంటూ వచ్చింది.

అద్దం పూర్తిగా తెల్లబడింది. పెట్టె గుయ్యి ఆపింది. మైనస్ నలభై. ఇంకాసేపు నాననివ్వాలి, చిప్పు లోపలిదాకా చలి దిగాలి. స్కోపు వెలిగించింది. ఉన్న బోర్డునే, రెసిస్టరు లేకుండా. టిక్కు లేచింది, మెట్టు ఎక్కింది, ప్రతిధ్వని వచ్చి పైకెగిరింది, దిగింది, మళ్ళీ ఎగిరింది, కొంచెం తక్కువగా దిగింది, మూడో ఊపుకి గానీ సర్దుకోలేదు. ఆ ఊపుల్నే కదా బోర్డు రెండో టిక్కుగా లెక్కపెట్టి తికమకపడింది. ఆ గీత చూస్తూ మార్లిస్ చెయ్యి మీట మీదే ఆగిపోయింది. వద్దు, తీసుకో, వద్దు, తీసుకో, సగం. ఇదే. ఈ ఊరంతా ఇదే. ఒక మాట అంటే అది అవతల తగిలి వెనక్కొస్తుంది, మనం మళ్ళీ తోస్తాం, మళ్ళీ వస్తుంది, అలా మూడుసార్లు ఊగితే గానీ మనసులో మాటేదో తేలదు. పుట్టింది మొదలు ఆ ఊపులోనే పెరిగారు కాబట్టి ఎవరికీ అది రోగంలా కనపడదు. ఒదీల్ ఈ ఊళ్ళో పుట్టలేదు. ఆమె దగ్గర తీగ చివర సరిగ్గా యాభై ఓములు కట్టి ఉంది. తన ‘వద్దు’ తీగ వెంట పోయింది, ఆమెకి చేరింది, ఆమె దాన్ని వద్దు అనే పుచ్చుకుంది. అక్కడితో ఆగిపోయింది. చల్లారిపోయింది. తిరిగి రావడానికేమీ మిగల్లేదు. ఇవతల తను నెల్లాళ్ళుగా చెవి ఒగ్గి కూర్చుంది, రాని ప్రతిధ్వని కోసం, రాలేదని ఆమె మీద కోపం పెంచుకుంటూ.

నీరసం ఒక్కసారిగా కమ్మింది. ఏడుపూ కాదు, నవ్వూ కాదు. చేతులు మాత్రం పని చేస్తూనే ఉన్నాయి, చేతులకి ఇవేవీ పట్టవు. గీతని సాగదీసి మెట్టు ఎత్తు చదివింది, రెండు పాయింట్ ఆరు. పదమూడు ఓములు. గది వేడిలో పద్ధెనిమిది, ఎముకలు కొరికే చలిలో పదమూడు. ముప్పైమూడు ఓముల రెసిస్టరు వేస్తే చలికి కొంచెం తక్కువ, వేడికి కొంచెం ఎక్కువ, రెంటికీ నడుస్తుంది, ఖచ్చితంగా సరిపోయే అంకె ఏ ఋతువుకీ లేదు. బోర్డు మార్చి, ముప్పైమూడు వేసినదాన్ని కూడా చలిపెట్టెలో పెట్టి చూస్తే నిబ్బరంగా ఉండేది, గీత ఒక్కసారి లేచి నిలబడడం కళ్ళారా చూస్తే. అంత టైము లేదు. చాలాసార్లు చేసిన లెక్కే. గోడమీద ఫోనులో రూడీకి ముప్పైమూడు, పంపించు, అంది. తర్వాత తన ఫోను వెల్లకిలా తిప్పింది.

ఒదీల్ ఎత్తగానే వెనక రేడియో వినిపించింది, కట్టేసింది.

“ఒదీల్, నువ్వు మా ఇంటికి రావాలి. వచ్చి ఉండాలి. ఒక్కదాన్ని నేను గోర్డీని ఎత్తలేను.”

“రెండుసార్లు అడిగాను నిన్ను,” అంది ఒదీల్. గొంతులో కోపం ఉంది, దాచుకోలేదు. “రెండుసార్లూ వద్దన్నావు. సరే, నేనంటే గిట్టదేమో, పరాయిదాన్ని ఇంట్లో పెట్టుకోవడం ఇష్టం లేదేమో అని గమ్మున పడున్నాను. ఆదివారం మీరిద్దరూ నేలమీద పడ్డారని నర్సు చెబితే నా మనసు ఎలా ఉందో తెలుసా నీకు?”

“అది వద్దనడం కాదు.”

“ ‘వద్దు’ అంటే వద్దనడం కాకపోతే ఏమిటి తల్లీ?”

“మూడోసారి అడుగుతావని.” చెబుతుంటే ఆమెకే అర్థంలేని మాటలా వినిపించింది. “ఇక్కడ మూడుసార్లు అడుగుతారు. మొదటి రెండూ లెక్కలోకి రావు.”

అటు ఒదీల్ కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది.

“ఎవరికైనా తిండి పెట్టేటప్పుడు కూడా అంతేనా?” అంది ఒదీల్ మెల్లగా.

“తిండికి ఇంకా ఎక్కువ.”

“వెండెల్ ఈ ముక్క నాకు ఒక్కనాడు చెప్పలేదు. మొదటి చలికాలం ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మావైపు చేసే గంబో పులుసు పెడతానన్నాను. అందరూ వద్దన్నారు. సరే కాబోలు అని గిన్నె లోపల పెట్టేశాను. నా చేతివంట మీకెవరికీ పట్టదనుకున్నాను. అప్పటినుంచీ మీ ఊరివాళ్ళు చేసే ఆ చప్పిడి చారే చేసి తెస్తున్నా.”

చర్చిలో ఆడవాళ్ళంతా అనుకున్న మాట మార్లిస్‌కి గుర్తుంది. వెండెల్ పెళ్ళాం గిన్నె మూత తీసి చూపించి మళ్ళీ మూసేస్తుంది, చెయ్యి బిగువు మనిషి, అని. ఆ గంబో వాసనకి నోరూరి, రెండోసారి అడుగుతుందని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నవాళ్ళలో తనూ ఉంది. ఆ సంగతి మరోరోజు పైగదిలో పక్క సర్దుతూ చెప్పాలి.

“వస్తావా ఒదీల్?”

“వస్తా. ఇదుగో, నేను ఒక్కసారే చెబుతాను. వస్తా. కానీ ఆ ఇంట్లో నాతో మాట్లాడితే తిన్నగా మాట్లాడాలి. ఆకలేస్తే ఆకలనాలి, నడుం పట్టేస్తే పట్టేసిందనాలి. మీ లెక్కలు నేను కట్టలేను. గోర్డీ ఒక్కడు చాలు నాకు, అన్నింటికీ అలాగే అనడానికి.”

“సరే,” అంది మార్లిస్.

“ఏడుస్తున్నావా?”

“కొంచెం.”

“ఏడువు. నేను సంచీ సర్దుకుంటా.”

ఫోను పెట్టేశాక మోచేతులు బల్ల మీద ఆన్చింది. పక్క గదిలో ఎవరో నవ్వారు, ప్రింటరు ఏదో వాంతి చేసుకుంటోంది. ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరికీ అరవై దాటాయి, ఒక పొడుగాటి మనిషి. ఇరుకు మెట్లు. స్నానాల గది తలుపు వెడల్పు చెయ్యాలి. రాత్రిళ్ళు నిద్ర ఉండదు. ఒదీల్ పొద్దున్నే రేడియో పెడుతుంది. అది చలికాలం చివరిదాకానో, ఎప్పటిదాకానో, ఆ చివర ఏముందో ఎవరు చెప్పగలరు. బాగుంటుందని కాదు. బాగుంటుందని ఎవరూ అనలేదు. నిగార్డ్ నంబరు నొక్కింది.

నిగార్డ్ ఈ ఊరి పిల్లే, మాటల్లోనే తెలిసిపోతుంది. అంతా విన్నది, కాగితం మీద ఏదో రాసుకుంది, ఇద్దరున్నారన్నమాట, మంచిదండీ, అంది. తర్వాత ఎవరైనా అడగాల్సిన తీరులోనే అడిగింది.

“మరి మీకు ఇబ్బంది లేకపోతేనేలెండి, మిసెస్ టోలెఫ్‌సన్. డులూత్‌లో మంచం ఇంకా ఉంది. మిమ్మల్ని కష్టపెట్టడం మాకూ...”

“ఇబ్బందేనమ్మా,” అంది మార్లిస్. “చాలా ఇబ్బంది. శుక్రవారం పొద్దున వచ్చి ఇంటికి తీసుకెళ్తాం.”